యాడ నొక్కల్ల

మృగశిరకు ఇంకా పదైదు దినాలుంది.
ఊరి చివర సుంకప్పోళ్ళ ఇత్తనం కాయలు
మా వసారాలో మూడు మూటలు.
శేరుకింత అని కూలి.
నా ఒడిలో ఇంగ్లీషు వాచకం, వాచకం మీద చేట.
అవ్వ నన్ను చూస్తానే ఒలుస్తుంది, కాయను చూడదు.
మూతికాడ బొటనవేలితో ఒక్క నొక్కు,
టప్.

మహబూబ్ పీరా సారు ఆ వారమే చెప్పినాడు:
గడ్డం కింద చెయ్యి పెట్టుకోండి,
మాట పలికేటప్పుడు గడ్డం ఎన్నిసార్లు దిగితే
అన్ని ముక్కలు.
నలభై మందిమి గడ్డాల కింద చేతులు పెట్టుకోని
అగ్, రి, కల్, చర్ అన్నాము.
వరండాలో పోతా పోతా హెడ్మాస్టరు ఆగి
ఎవరు పోయినారప్పా, అన్నాడు.

ఇంటికొచ్చి అవ్వకు నేర్పితే
ఆమెకు నాకన్నా బాగా వచ్చింది.
బస్సు అంటే ఒంటిగింజ.
డాక్టర్ జంటగింజ.
హాస్పిటల్? మూడు గింజల కాయ మే,
మూటకు పిడికెడు కూడా ఉండవు అట్లాంటివి.

మన మాటలకు ఈ కష్టం లేదు.
కం, బ, దూ, రు:
ఎవరో ముందే ఒలిచి చేటలో పోసిన గింజలు.
ఇంగ్లీషు మాట పొట్టుతోనే వస్తుంది,
లోపల ఎన్నుండేది పైకి తెలీదు,
పలకని అక్షరాలు లొట్టలు.
పైగా అన్నీ ఒకే బలంతో పలకగూడదంట.
మాటకొక చోట నొక్కల్ల.
ఫోటోగ్రాఫ్ అంటే మొదట్లో,
ఫోటోగ్రఫీ అంటే రెండోచోట.
తోక మారితే నొక్కు జరుగుతుంది.
నాది అన్నీ సమంగా కొలిచే నోరు.
సారు బల్ల మీద వేలితో కొట్టేది,
నేను ఆ దెబ్బను దాటుకోని పోయేది.

శనివారం సచివాలయం గోడకు పంట బీమా పట్టీ అంటించినారు.
బోయ మారెక్క, మూడెకరాల ఇరవై సెంట్లు,
చివరి గడిలో ఒక పొడుగు మాట.
అరచేతిలో రాసుకోని వచ్చి
చెమటకు చెరిగిపోకముందే ఒలిచినాను.
ఇ, నె, లి, జి, బుల్.
ఐదు. అవ్వ గడ్డం కూడా ఐదే చెప్పింది.
రెండోచోట నొక్కల్ల.
అది సరే మే, లోపల ఏముంది?

ముందర ఉండే ఇన్ అంటే కాదు, లేదు.
మిగతాది అంటే తగినోళ్ళు.
మొత్తానికి, మనకు తగదంట.
అవ్వ ఒక కాయ ఒలిచింది. ఇంకొకటి ఒలిచింది.
వాన తగల్లేదు,
డబ్బు తగదు, అనింది.
తర్వాత చానాసేపటికి:
ఇన్సూరెన్సుకు ముందర ఉండేది కూడా
ఆ ఇన్నే గదా మే?

సోమవారం ఈ మాట సారును అడిగితే నవ్వబోయి
మధ్యలో ఆపేసినాడు.
అది వేరే ఇన్ను వన్నూరమ్మా,
చూసేకి ఒకటే,
అని బోర్డు వైపు తిరిగి
ఏమీ రాయకుండా సుద్దముక్క పట్టుకోని నిలబడినాడు.

ఆ పొద్దే అవ్వ ఒక్కతే సచివాలయానికి పోయిందంట,
కొంగున కాసిన్ని గింజలు కట్టుకోని.
కంప్యూటర్ పిల్లోనికి అవి ఇచ్చి అడిగిందంట:
ముందర ఉండే ఆ ఇన్ను ఒక్కటీ తీసెయ్ నాయనా,
వెనక మాట బాగనే ఉండాది.

ఏమన్నాడవ్వా, అంటే
చేట ముందరికి జరుపుకోని కూర్చుంది.
గోటి సందున ఎర్రమన్ను, బొటనవేలికి గుడ్డపేలిక.
గింజలు బాగుండాయన్నాడు.
ఆ పని ఆయప్ప చేతిలో లేదంట మే,
పైన, అనంతపురంలో
నొక్కల్లంట.